మరిగే నీళ్ళలో డంప్లింగ్స్ ఎందుకు పగిలాయి: ఒక బెజవాడ వంటింటి కేసు

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే వంట క్లాసులు చెప్తాను, శుభకార్యాలకి పిండివంటల ఆర్డర్లు చేస్తాను. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. బూరె నూనెలో పేలినా, కజ్జికాయ అంచు విచ్చుకున్నా, పాలతాలికలు పాలల్లో కరిగి జావైపోయినా చుట్టుపక్కల వాళ్ళు ముందు నాకే ఫోన్ చేస్తారు. పోయిన మే నెలలో మాత్రం పటమట నుంచి ఒక అమ్మాయి చేసింది. చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చింది, ఇప్పుడు ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తోంది. "ఆంటీ, డంప్లింగ్స్ వేసినవాటిలో సగం పగిలిపోతున్నాయి, మిగతా సగం ఒకదానికొకటి అంటుకుని ముద్దైపోతున్నాయి. ఐదుసార్లు చేశాను. వచ్చే ఆదివారం మా బ్యాచ్ వాళ్ళు పన్నెండు మంది వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది" అంది.

ఆమె చెప్పేది మన బీసెంట్ రోడ్డు బళ్ళ మీద ఆవిరికి ఉడికించే మోమోల గురించి కాదు. ఉత్తర చైనాలో చాంద్రమాన కొత్త సంవత్సరానికి ఇంటిల్లిపాదీ కూర్చుని చుట్టే జియావ్‌జి. మైదా రేకులో మాంసం, క్యాబేజీ పెట్టి అర్ధచంద్రంలా మడిచి మరిగే నీళ్ళలో ఉడికిస్తారు. చూడటానికి అచ్చం మన కజ్జికాయే. ప్రాచీన కాలంలో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అనే వైద్యుడు చలికి చెవులు గడ్డకట్టిన పేదలకి వీటిని మొదట చేసి పెట్టాడని, అందుకే చెవి ఆకారంలో ఉంటాయని అక్కడ కథ చెప్పుకుంటారట. డాక్టరు చదువుకి వెళ్ళిన పిల్లలకి మొదటి ఏడాదే ఎవరో ఒకరు ఈ కథ చెప్తారని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. హాస్టల్లో తోటి అమ్మాయిలతో కలిసి చేసినప్పుడు ఒక్కటి కూడా పగల్లేదట. ఇంటికొచ్చాకే ఈ గొడవ.

నేను ఒకటే అడిగాను. "నేనొచ్చి చూస్తానమ్మా, కానీ నా కోసం ఏదీ సరిచెయ్యకు, రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి." వంట కేసుల్లో నాకు బాగా అనుభవమైన విషయం ఇది. ఫోన్లో చెప్పేటప్పుడు మనం చేసినది చెప్పం, చేశామనుకున్నది చెప్తాం. పక్కన నిలబడి చూస్తే తప్ప అసలు సంగతి తెలియదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. బయట ఎండ మండిపోతోంది, హాల్లో డైనింగ్ టేబుల్ మీద, తిరుగుతున్న ఫ్యాను కింద పని పెట్టుకుంది. పావుకిలో మైదాకి నీళ్ళు కొలవకుండా పోసి, చపాతీ పిండిలా మెత్తగా కలిపింది. దాన్ని పెద్ద చపాతీలా ఒత్తి, డబ్బా మూతతో గుండ్రంగా కోసింది, అన్నీ ఒకే మందం. చికెన్ కైమాలో పచ్చి క్యాబేజీ తురుము, సోయా సాస్, నువ్వుల నూనె కలిపిన గిన్నె పక్కనే ఉంది, దాన్ని కొంచెం వంచితే అడుగున నీళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. లోపల పెట్టేదాన్ని నేను పూర్ణం అనే అంటాను, అది చికెన్ అయినా సరే, పని అదే కదా. నలభై చుట్టడానికి యాభై నిమిషాలు పట్టింది. చుట్టినవి చుట్టినట్టు ఒక స్టీలు పళ్ళెంలో పేర్చుకుంటూ పోయింది.

తర్వాత చిన్న తపేలాలో లీటరున్నర నీళ్ళు, అందులో ఒక చెంచా నూనె. నీళ్ళు అంచుల్లో బుడగలు వేస్తున్నాయి, ఇంకా తెర్లలేదు, ఇరవై ఒకేసారి వేసేసింది. ఆ బుడగలు కూడా ఆగిపోయాయి. వాచీ చూశాను, మళ్ళీ బుడగ కనపడటానికి నాలుగు నిమిషాలు పైనే పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ గరిటె ముట్టుకోలేదు. "తిప్పవేంటమ్మా?" అంటే, "అమ్మమ్మ వద్దంది ఆంటీ, పచ్చివి కదిపితే విరిగిపోతాయంది" అంది. అమ్మమ్మ గారు అక్కడే కుర్చీలో ఉన్నారు, తెనాలి వైపు వాళ్ళు, పెద్ద చెయ్యి. ఆవిడ మాట గురించి కింద రాస్తాను, ఎందుకంటే ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం అదే. నీళ్ళు మళ్ళీ తెర్లడం మొదలయ్యాక మాత్రం అమ్మాయి మంట పూర్తిగా పెంచి పది నిమిషాలు గలగలా మరిగించింది. రెండో వాయి కూడా అంతే.

నలభైలో ఇరవై ఒకటి పగిలాయి. మిగిలిన వాటిలో ఆరు ఒకే ముద్ద.

ఇక్కడ చాలామంది చేసే పని మంట తగ్గించడమో, నూనె ఇంకో చెంచా పొయ్యడమో. నేను ఆ ఇరవై ఒకటీ జల్లిగరిటెతో తీయించి, ఒక వెడల్పు పళ్ళెంలో వరసగా పెట్టించి, ఒక్కొక్కటీ తిప్పి చూశాను. పగిలాయి అని ఒక మాటలో అనేస్తాం కానీ అవన్నీ ఒకేలా పగల్లేదు. తొమ్మిదింటికి అడుగు ఊడిపోయింది, అంచూ పైభాగమూ చక్కగా ఉన్నాయి. ఎనిమిదింటికి అంచు దగ్గర మడత విచ్చుకుంది. నాలుగింటికి కడుపు పేలింది. మూడు రకాలకీ కారణాలు వేరు, కాబట్టి ఒకే మందు పనిచెయ్యదు. ఐదుసార్లు చేసినా బాగుపడకపోవడానికి కారణం ఇదే. ఆ అమ్మాయి ప్రతిసారీ ఏదో ఒకటి మారుస్తూనే ఉంది, దాంతో ఒక రకం తగ్గేది, ఇంకో రకం పెరిగేది, చివరికి లెక్క అంతే కనపడేది.

అడుగు ఊడినవి చూశాక స్టీలు పళ్ళెం కడగొద్దన్నాను. వెలుతురులోకి తెచ్చి చూస్తే దాని మీద ఆరు చోట్ల రూపాయి బిళ్ళంత పిండి పొరలు అంటుకుని ఉన్నాయి. అంటే ఆ ఆరూ నీళ్ళలో పడకముందే చిరిగిపోయాయి. మెత్తటి పిండి, అందులోకి పూర్ణం నుంచి ఊరే నీళ్ళు, స్టీలు మీద ముప్పావుగంట, మే నెల వేడి. అమ్మాయి పీకి తీసేటప్పుడు అడుగు పళ్ళేనికే ఉండిపోయింది, పైనుంచి చూస్తే బాగానే ఉంది కాబట్టి తెలియలేదు. మిగతా మూడూ తపేలా అడుగున కరుచుకున్నాయి. పళ్ళెం చూడకపోయి ఉంటే తొమ్మిదికి తొమ్మిదీ గిన్నె తప్పు అనే అనుకునేదాన్ని.

అంచు విచ్చుకున్నవాటి అంచుల్ని వేలితో రుద్ది చూస్తే కొన్ని జిడ్డుగా తగిలాయి, కొన్నింటికి పొడిపిండి తెల్లగా అలాగే ఉంది. మైదా మైదాకి అతుక్కోవాలంటే మధ్యలో నూనె ఉండకూడదు, ఎండిపోయిన పొర ఉండకూడదు. పూర్ణం చెంచాతో పెట్టేటప్పుడు అంచుకి తగిలితే ఇక అక్కడ ఎంత నొక్కినా లాభం లేదు. ఫ్యాను కింద కోసిపెట్టిన రేకుల అంచులు రెండు మూడు నిమిషాల్లోనే పెళుసుబారుతున్నాయి. అమ్మమ్మ గారు చూసి, "కజ్జికాయకి అంచు తడిపి నొక్కుతాం కదే, దీనికెందుకు తడపలేదు?" అన్నారు. "అక్కడెవరూ తడపలేదు అమ్మమ్మా" అంది అమ్మాయి. ఇద్దరి మాటా నిజమే. అప్పుడే ఒత్తిన రేకుకి దాని తడే చాలు. ఫ్యాను కింద పావుగంట ఆరినదానికి తడపక తప్పదు.

కడుపు పేలిన నాలుగూ కోసి చూశాం. లోపల చికెన్ ఉండ కుంచించుకుపోయి చిన్నగా ఉంది, చుట్టూ ఖాళీ, ఖాళీలో నీళ్ళు. మడిచేటప్పుడు గాలి లోపల ఉండిపోయింది, క్యాబేజీ నీరు వదిలింది, వేడికి ఆవిరీ గాలీ వ్యాకోచించాయి. పొంగిన డంప్లింగ్ పైకి తేలేది ఆ గాలి వల్లే, అందాకా మంచిదే. కానీ దాన్ని పది నిమిషాలు పెద్ద మంట మీద గింగిరాలు తిప్పితే ఎక్కడ పల్చగా ఉంటే అక్కడ తెగుతుంది. చపాతీలా ఒత్తి మూతతో కోసిన రేకు, పూర్ణం పెట్టి లాగి మడిచేసరికి, నడుం దగ్గరే పల్చనవుతుంది.

అంటుకోవడం సంగతి వేరు, అది పూర్తిగా గిన్నెలోని వ్యవహారం. గోధుమ పిండిలోని గంజిపదార్థం 60 డిగ్రీల చుట్టుపక్కల ఉబ్బి జిగురవుతుంది. తెర్లే నీళ్ళలో వేస్తే పైపొర చకచకా ఉడికి గట్టిపడుతుంది, జిగురుగా ఉండే సమయం తక్కువ. చల్లబడిన నీళ్ళలో నాలుగు నిమిషాలు కదలకుండా పడి ఉంటే అదే మైదాబంక. పోస్టర్లు అంటించడానికి మనం కాచేది అదే కదా. నూనె చెంచా నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది, అడుగున పడున్న డంప్లింగ్‌కీ దానికీ సంబంధమే లేదు.

ఇప్పుడు అమ్మమ్మ గారి మాట. పాల ఉండ్రాళ్ళు చేసే ఎవరైనా అదే చెప్తారు, నేనూ నా క్లాసులో అదే చెప్తాను. పాలు తెర్లుతుండగా ఉండ్రాళ్ళు జారవిడవాలి, కాసేపు గరిటె పెట్టకూడదు. ఎందుకంటే బియ్యప్పిండిలో గ్లూటెన్, అంటే గోధుమ పిండికి సాగే గుణం ఇచ్చే పదార్థం, ఉండదు. మరిగే నీళ్ళలో పిండి వేసి ఉక్కించి, ఆ జిగురుతో ఉండ కడతాం. అది పాలల్లో మళ్ళీ ఉడికి బిగిసేదాకా గరిటె తగిలితే విరుగుతుంది. మైదా రేకు అలాంటిది కాదు. చన్నీళ్ళతో కలిపి మర్దించి నానబెట్టిన పిండిలో గ్లూటెన్ సాగే వలలా ఉంటుంది, నెమ్మదిగా నెడితే చిరగదు, నెట్టకపోతే మాత్రం అడుగున కరుచుకుంటుంది. ఆవిడ చెప్పింది ఆవిడ వంటకి నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ వంటకి సరిగ్గా దానికి ఎదురు చెయ్యాలి. ఈ మాట నేను ఆవిడకే చెప్పాను, ముందు కాస్త అనుమానంగా చూశారు, ఉక్కించడం గురించి చెప్పాక "ఓహో, పిండే వేరన్నమాట" అన్నారు. ఈ మూడు ముక్కల్లో మొత్తం ఉంది.

ఇంకో విషయం దాచకుండా రాయాలి. నాకు మొదట అనుమానం మైదా మీదే వచ్చింది. పాకెట్ పాతదేమో, సాగడం లేదేమో అనుకుని మర్నాడు మా ఇంటి మైదా తీసుకెళ్ళాను. రెండు పిండ్లూ ఒకే కొలతతో, పావుకిలోకి 125 మిల్లీలీటర్ల నీళ్ళతో, విడివిడిగా కలిపి చూస్తే ఏమీ తేడా లేదు. తేడా కొలతలోనే ఉంది. ముందురోజు లెక్కేసి చూస్తే అమ్మాయి పోసినవి 160 దాకా ఉంటాయి. పిండి బరువులో సగం నీళ్ళంటే మొదట కలవనే కలవదు, గరుగ్గా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, అక్కడ భయపడి నీళ్ళు పోసేస్తాం. పొయ్యకూడదు. ఐదు నిమిషాలు పిసికి, తడిబట్ట కప్పి పావుగంట వదిలి, మళ్ళీ రెండు నిమిషాలు పిసికి, ఇంకో అరగంట వదిలితే చెవితమ్మె అంత మెత్తగా అవుతుంది.

క్యాబేజీ మూడొందల గ్రాములు సన్నగా తరిగి, చెంచా ఉప్పు వేసి ఇరవై నిమిషాలు ఉంచి, పల్చటి బట్టలో వేసి గట్టిగా పిండాం. స్టీలు గ్లాసులో పట్టాం, దాదాపు అరగ్లాసు వచ్చాయి. అమ్మాయి ఆ గ్లాసుని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. నిన్నటిదాకా ఈ అరగ్లాసూ డంప్లింగ్స్ కడుపులోకే వెళ్ళేది. అలాగని పూర్ణం పిడచకట్టుకుపోకూడదు, కాటు పెడితే రసం ఉండాలి. దానికి కైమాలో నాలుగు చెంచాల చన్నీళ్ళు, ఒక్కొక్క చెంచా పోస్తూ, ఒకే వైపుకి తిప్పుతూ కలపాలి. కైమా ఆ నీటిని పీల్చుకుని జిగటగా, గిన్నెకి దారాల్లా అంటుకునేట్టు అవుతుంది. ఆ నీళ్ళు మాంసంలో కట్టుబడి ఉంటాయి, క్యాబేజీ నీళ్ళలా బయటికి కారవు. పిండిన క్యాబేజీకి నూనె పట్టించి చివర్న కలిపాం.

రేకులకి ఈసారి మూత వాడలేదు. పిండిని చిన్న గోళీల్లా చేసి, అప్పడాల కర్రతో కుడిచేత్తో ఒత్తుతూ ఎడమచేత్తో తిప్పుతూ, అంచులు పల్చగా, నడుం కాస్త మందంగా. "పూరీలా సమంగా ఒత్తకు, గొడుగులా ఒత్తు" అని చెప్పాను, అంతే, చేతికి వచ్చేసింది. పూర్ణం మధ్యలో పెట్టి, ముందు నడినెత్తిన చిటికెడు నొక్కి, తర్వాత ఒక వైపు మూసి, రెండో వైపు మూసేముందు వేళ్ళతో కడుపుని మెల్లగా నొక్కితే గాలి పోతుంది. చుట్టినవి పొడిపిండి చల్లిన నూలు గుడ్డ మీద, ఒకదానికొకటి తగలకుండా.

గిన్నె మార్చాం. పులిహోరకి అన్నం వండే పెద్దది, నాలుగు లీటర్ల నీళ్ళు, రుచికి, పైపొర కాస్త బిగువుగా ఉండటానికి రెండు చెంచాల ఉప్పు. సలసలా తెర్లేటప్పుడు పదిహేను, ఒక్కొక్కటి పక్కనుంచి జారవిడవడం. చివరిది పడీ పడకముందే గరిటె వీపుతో గిన్నె అడుగుని రుద్దుకుంటూ ఒకే వైపు నెమ్మదిగా నెట్టాలి, అర నిమిషం చాలు. గరిటె నోటితో కాదు, వీపుతో. నోటి అంచు కత్తిలా తగులుతుంది. తర్వాత మూత.

నీళ్ళు మళ్ళీ తెర్లగానే అరగ్లాసు చన్నీళ్ళు పొయ్యాలి. ఇలా మూడుసార్లు. అమ్మాయికి ఇది గుర్తుంది, హాస్టల్లో అందరూ పోసేవారట, కానీ పొంగిపోకుండా పోస్తున్నారని అనుకుందట. పొంగు ఆగుతుంది, నిజమే. అసలు ప్రయోజనం మాత్రం వేరు. రేకు రెండు మూడు నిమిషాల్లో ఉడికిపోతుంది, లోపలి చికెన్‌కి ఇంకా టైం కావాలి. గలగలా మరగనిస్తే రేకు చిరుగుతుంది, మంట తగ్గిస్తే మళ్ళీ అడుగున చేరుతుంది. చన్నీళ్ళు పోసిన ప్రతిసారీ ఉధృతం తగ్గుతుంది, వేడి మాత్రం లోపలికి వెళ్తూనే ఉంటుంది. మూత పెట్టి ఉడికిస్తే పూర్ణం, మూత తీసి ఉడికిస్తే రేకు అని అక్కడి వాళ్ళకి ఒక మాట ఉంది, దాని ప్రకారం ఆఖరి విడత మూత తీసేశాం. మొత్తం ఏడెనిమిది నిమిషాలు. పైకి తేలిందంటే ఉడికినట్టు కాదు, చికెన్ పెట్టినప్పుడు ఇది మర్చిపోవద్దు. వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేవాలి, అయినా ప్రతి వాయిలో ఒకటి కోసి లోపల గులాబీ రంగు లేదని చూసుకోవాలి.

ముప్పై చేస్తే మూడు పగిలాయి. మూడూ అంచు రకమే, మూడూ ఆఖరి వాయిలోవి. అమ్మాయి ముందే ముప్పై రేకులూ ఒత్తి పెట్టేసుకుంది, చివరివి ఇరవై నిమిషాలు ఫ్యాను గాలికి ఉన్నాయి. ఫ్యాను ఆపుదామంటే బెజవాడ మే నెలలో మనిషి కూర్చోలేడు. అందుకని స్నేహితులు వచ్చే పై ఆదివారానికి ప్లాన్ మార్చాం: తెల్లవారుజామున ఐదున్నరకి మొదలు, ఫ్యాను లేకుండా, ఎనిమిది రేకులు ఒత్తడం, తడిబట్ట కింద పెట్టడం, ఎనిమిదీ చుట్టాకే మళ్ళీ ఎనిమిది. వాళ్ళమ్మ గారు ఒత్తుతుంటే అమ్మాయి చుట్టింది. చుట్టినవి పిండి చల్లిన ట్రేలో ఎడంగా పెట్టి ఫ్రీజర్లో రెండు గంటలు, రాయిలా గట్టిపడ్డాక సంచిలోకి. సాయంత్రం మంచు కరగనివ్వకుండా నేరుగా తెర్లే నీళ్ళలోకి. కరిగితే పైన చెమట పట్టి మళ్ళీ మొదటి రోజు పళ్ళెం కథే. గడ్డకట్టినవి నీళ్ళని ఎక్కువ చల్లబరుస్తాయి కాబట్టి వాయికి పదే వేసి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించమన్నాను.

ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. రాత్రి పదింటికి ఫోన్ చేసింది. తొంభై వేస్తే నాలుగు పగిలాయి, ఒక్కటీ అంటుకోలేదు. ఉడికించిన నీళ్ళు పారబొయ్యలేదట. అక్కడ డంప్లింగ్స్ తిన్నాక ఆ నీళ్ళే వేడివేడిగా తాగుతారు, మన గంజి లాగే. గ్లాసుల్లో పోసి అందరికీ ఇస్తే అమ్మమ్మ గారు మాత్రం ఉప్పు, నిమ్మరసం కలుపుకుని తాగి, ఇంకో అరగ్లాసు పొయ్యమన్నారట.

ఇక వాళ్ళమ్మ గారు శనివారాలు మాంసం ముట్టరు, ఆవిడ కోసం కూరగాయలతో చేసే పని ఇంకా నడుస్తోంది. అందులో నీటిని పట్టుకోవడానికి కైమా లేదు కదా. క్యారెట్, క్యాబేజీ, పనీర్‌తో పోయిన వారం ఇరవై చేస్తే ఐదింటికి కడుపు పేలింది. నిన్న సేమ్యా ఉడికించి, ఆరబెట్టి, సన్నగా తరిగి పూర్ణంలో కలిపాం, ఊరే నీటిని అది పీల్చుకుంటుందని. చన్నీళ్ళు రెండుసార్లే పోశాం. ఇరవైలో రెండు పేలాయి. వచ్చే శనివారం సేమ్యా ఇంకో గుప్పెడు పెంచి చూస్తాం.